నడుముకు తగిలించిన అడుగుల లెక్క

తెలుగులో అడుగు అన్న మాటకు రెండు కొలతలున్నాయి. కాలు తీసి కాలు వేస్తే అదొక అడుగు. పన్నెండు అంగుళాల పొడవూ అడుగే. చెన్నై మైలాపూరులో, లజ్ దగ్గరున్న నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడిచేవారిలో తెలుగువారు కొందరున్నారు కనుక, “ఈ రోజు పదివేల అడుగులయ్యాయండీ” అన్న మాట అక్కడ నా చెవిన తరచుగా పడుతూ ఉంటుంది. అంగుళాల అడుగు లెక్కన పదివేలంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు. కాలి అడుగు లెక్కనైతే, 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి అది ఆరున్నర కిలోమీటర్లు దాటుతుంది. నడుముకు తగిలించుకునే చిన్న పెడోమీటర్ ఈ రెండో అడుగును లెక్కపెడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి దానికి కాలు సంగతే తెలియదు. నడుము దగ్గర పుట్టే కుదుపులను మాత్రమే అది లెక్కపెడుతుంది. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే కొందరు దానిని అతిగా నమ్ముతారు, మరికొందరు వారం తిరగకుండానే సొరుగులో పడేస్తారు.

మా ఇంట్లో క్లిప్పు విరిగిపోయిన పాత పెడోమీటర్ ఒకటి ఉంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం దానిని విప్పి చూశాను. వెనుక మూతకున్న చిన్న మర తీయగానే బటన్ సెల్, దాని పక్కన ఒక లోహపు మీట కనిపించాయి. మీట ఒక కొన ఇరుసుకు బిగించి ఉంది. రెండో కొనకు కందిగింజంత బరువు ఉంది. వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి ఆ బరువును కిందికి జారకుండా పైకి పట్టి ఉంచుతోంది. పెట్టెను నిలువుగా పట్టుకుని కింద వేలితో తట్టినప్పుడు బరువు ఒక్కసారి వాలి, అడుగునున్న లోహపు పలకను తాకి, మళ్లీ పైకి లేచింది. ఆ తాకిడితో విద్యుత్ వలయం ఒక్క క్షణం పూర్తయి, అద్దం మీద అంకె ఒకటి పెరిగింది. ఇంతకుమించి అందులో తెలివి ఏమీ లేదు. ఈ మధ్య వస్తున్న వాటిలో మీటకు బదులు, వంగినప్పుడు విద్యుత్తును పుట్టించే పీజో స్ఫటికపు పట్టీ ఉంటుంది. ఫోన్లలో మూడు దిశల కదలికలను పసిగట్టే సిలికాన్ చిప్పు ఉంటుంది. ఏదైనా కొలిచేది కుదుపునే.

ఆ కుదుపు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. నడిచేటప్పుడు మన శరీరం చదునుగా ముందుకు జరగదు. నేల మీద ఆనిన కాలు నిటారుగా నిలిచిన క్షణంలో నడుము అన్నింటికంటే ఎత్తులో ఉంటుంది. రెండు పాదాలూ నేలను తాకి కాళ్లు చాపుకుని ఉన్న క్షణంలో అది కిందికి దిగుతుంది. మామూలు నడకలో ఈ ఎగుడుదిగుడు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు, అయితే ప్రతి అడుగుకూ ఒకసారి తప్పకుండా జరుగుతుంది. పరిశోధనల్లో విరివిగా వాడిన జపాన్ యమాక్స్ డిజీ వాకర్ వంటి స్ప్రింగు నమూనాలలో, నిలువు కుదుపు భూమ్యాకర్షణ త్వరణంలో సుమారు 0.35 వంతు దాటితే తప్ప మీట పలకను తాకదు. ఆ హద్దు మరీ తక్కువగా ఉంటే కుర్చీలో కదిలినా అడుగు పడినట్టే లెక్క అవుతుంది. మరీ ఎక్కువగా ఉంటే పరుగెత్తితే గాని అంకె కదలదు.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఎగిసి పడే వస్తువు త్వరణం, అది నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతోందన్న దాని వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే అడుగుల జోరు సగానికి తగ్గితే, నడుము అంతే ఎత్తు లేచి దిగినా కుదుపు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా నెమ్మదిగా నడిచినప్పుడు ఆ ఎత్తు కూడా తగ్గుతుంది. అందుకే గంటకు మూడు కిలోమీటర్ల వేగానికి దిగువన స్ప్రింగు పెడోమీటర్లు చాలా అడుగులను వదిలేస్తాయి. మోకాలి ఆపరేషన్ అయిన మా ఎదురింటి పెద్దాయన, కర్ర పట్టుకుని వీధి చివరి దాకా వెళ్లి వచ్చి, తన పెడోమీటర్ చూపించారు. అందులో 40 చిల్లర ఉంది. ఆయన పక్కనే నడిచిన నాకు నాలుగు వందలు దాటింది. ఎవరి నడకను జాగ్రత్తగా గమనించవలసి ఉందో వారి నడకనే ఈ పరికరం సరిగా చూడలేదన్నది నాకు దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు. అటువంటివారికి చీలమండకు కట్టుకునే రకం మేలు, ఎందుకంటే ఎంత నెమ్మదిగా నడిచినా పాదం లేచి ముందుకు ఊగక తప్పదు.

ఇక తగిలించే చోటు. ప్యాంటు బెల్టు మీద, తొడ మధ్య గీతకు సూటిగా పైన పెట్టమని పెట్టె మీద బొమ్మ గీసి ఉంటుంది. బెల్టు కట్టనివారి సంగతి ఆ బొమ్మ గీసినవారికి తట్టలేదు. పంచె బొడ్లో దోపితే పది నిమిషాలలో పక్కకు ఒరుగుతుంది. మా ఆవిడ మొదట్లో దానిని చీర కుచ్చిళ్లకు తగిలించుకునేది. సాయంత్రం చూసుకుని, “పొద్దుటి నుంచి వంటింట్లోకీ డాబా మీదికీ తిరుగుతూనే ఉన్నానండీ, ఇదేమో నన్ను కూర్చోబెట్టేసింది” అని విసుక్కుంది. మీట పైకీ కిందికీ ఆడాలంటే పెట్టె నిలువుగా ఉండాలి. కుచ్చిళ్ల బరువుకు అది ముందుకు వాలిపోయి, మీట ఊగే దిశా కుదుపు వచ్చే దిశా వేరైపోయాయి. పొట్ట ముందుకు ఉన్నవారికీ ఇదే ఇబ్బంది. లంగా బొందు ముడికి పక్కగా, ఎముక ఆనే చోట, బిగువుగా తగిలించాక అంకెలు దారికి వచ్చాయి. అయినా వంటింటి నడక పూర్తిగా లెక్కకు రాలేదు, ఎందుకంటే పొయ్యి నుంచి గట్టు దాకా వేసే రెండు మూడడుగులలో నడుము లేవదు.

సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. చదునైన చోట మామూలు వేగంతో, నోటితో లెక్కపెట్టుకుంటూ నూరు అడుగులు వేసి, అంకె చూడాలి. జపాన్ పారిశ్రామిక ప్రమాణం ప్రకారం నూటికి మూడు అడుగుల తేడాను మన్నించవచ్చు. నాది నాలుగుసార్లు చూస్తే 98, 101, 99, 99 వచ్చింది. తరువాత అదే దారిని టేపుతో కొలిచి నూరుతో భాగిస్తే నా అడుగు పొడవు తెలిసింది. ఎత్తులో సుమారు 41 శాతం అన్న మోటు లెక్క కంటే ఇది నయం. గుంతల రోడ్డు మీద ఆటోలో వెళ్లినప్పుడు నడవని అడుగులు కొన్ని చేరుతాయి. ఎక్కే ముందు దానిని తీసి చొక్కా జేబులో పడుకోబెడితే ఆ బాధ తప్పుతుంది.

అడుగులను లెక్కపెట్టి దూరాన్ని కొలవడం ఒకప్పుడు ఆరోగ్యం కోసం కాదు. మా చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దగ్గర 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ నూరు అడుగుల ఉక్కు గొలుసుతో దాదాపు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలవడంతో ఉపఖండాన్నంతా కొలిచి పటం గీసే మహా సర్వే మొదలయింది. ఇక్కడి అడుగు అంగుళాల అడుగే. గొలుసు పరిచే వీలులేని టిబెట్‌కు ఆ సర్వే చేరినప్పుడు లెక్క కాలి అడుగుకు వచ్చింది. ఆ సర్వే పంపిన, హిమాలయాల్లోని కుమావూ ప్రాంతానికి చెందిన నైన్ సింగ్ రావత్, ఎత్తయినా పల్లమైనా అడుగు పొడవు మారకుండా నడవడం అభ్యసించి, యాత్రికుడి వేషంలో 1866లో లాసా చేరుకున్నాడు. చేతిలో జపమాల ఉంది, అయితే అందులో 108 పూసలకు బదులు నూరే ఉన్నాయి. నూరు అడుగులకొక పూస జారవిడిచేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే సరిగ్గా పదివేల అడుగులు, అంటే సుమారు అయిదు మైళ్లు. ఆయన నడుముకు ఏ యంత్రమూ లేదు.

ఆ పదివేలకూ, ఇవాళ పార్కులో వినిపించే పదివేలకూ సంబంధం లేదు. రెండోది 1965లో జపాన్‌లో పుట్టింది. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి సంవత్సరం, యమాసా అనే సంస్థ మాంపో కే పేరుతో ఒక నడుము పెడోమీటర్‌ను అమ్మకానికి పెట్టింది. మాన్ అంటే పదివేలు, పో అంటే అడుగు, కే అంటే కొలిచేది. పదివేలకు జపనీయులు రాసే అక్షరం నడుస్తున్న మనిషిలా కనిపిస్తుంది కూడా. గుండ్రంగా, గుర్తుండేలా ఉన్న అంకెను సరుకుకు పేరుగా పెట్టారు. ప్రపంచం దానిని వైద్యుడి చీటీలా చదువుకుంది.

కొలతలు తరువాత వచ్చాయి. 2019లో ఐ మిన్ లీ అనే పరిశోధకురాలి బృందం, సగటు వయస్సు 72 ఉన్న 16,741 మంది అమెరికన్ మహిళల నడకను పరికరాలతో కొలిచి ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా ఉంది. 7,500 దగ్గరకు వచ్చేసరికి ఆ లాభం పెరగడం ఆగిపోయింది. 15 అధ్యయనాలలోని 47,471 మంది వివరాలను కలిపి చూసి 2022లో ప్రచురించిన విశ్లేషణ, 60 దాటినవారికి 6,000 నుంచి 8,000 మధ్య, అంతకంటే చిన్నవారికి 8,000 నుంచి 10,000 మధ్య, అడుగులతో పాటు పెరిగే ఈ లాభపు రేఖ చదునవుతుందని తేల్చింది. వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: జబ్బుపడినవారు తక్కువ నడుస్తారు కనుక, తక్కువ నడక జబ్బుకు కారణమా, ఫలితమా అన్నది ఇటువంటి పరిశీలనలు పూర్తిగా విడదీయలేవు. పరిశోధకులు ఆ ప్రభావాన్ని తగ్గించే ప్రయత్నం చేశారు, అంతే. నాకు ముఖ్యమనిపించేది రేఖ మొదటి భాగం. రెండు వేల నుంచి నాలుగు వేలకు వెళ్లినవారికి కలిగే లాభం, ఎనిమిది నుంచి పదికి వెళ్లినవారికి కలిగేదానికంటే చాలా ఎక్కువ. పదివేలు అందలేదని పెడోమీటర్ తీసి పక్కన పెట్టేవారు, తమకు అన్నింటికంటే ఎక్కువ దక్కే చోటే ఆగిపోతున్నారు.

పరికరం తగిలించుకున్నంత మాత్రాన నడక పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. 26 అధ్యయనాలను, 2,767 మందిని కలిపి 2007లో డెనా బ్రవాటా బృందం చేసిన సమీక్షలో, పెడోమీటర్ వాడినవారి నడక అంతకుముందు కంటే సుమారు 27 శాతం పెరిగింది. ఇంతని ఒక లక్ష్యం పెట్టుకున్నవారిలో ఆ పెరుగుదల కనిపించింది. కాబట్టి మొదటి వారం ఏమీ మార్చకుండా, మామూలుగా తిరిగే తిరుగుడునే రాసుకుని, ఆ సగటు మీద అయిదు వందలో వెయ్యో పెంచుకోవడం మంచిది. పరికరం ప్రతి రోజూ నూటికి అయిదు తప్పు చెప్పినా, ప్రతి రోజూ అదే తప్పు చెబుతుంది కనుక నిన్నటితో పోల్చుకోవడానికి అడ్డు రాదు. పొరుగువారి అంకెతో పోల్చుకున్నప్పుడే అది మోసం చేస్తుంది.

స్ప్రింగు పెడోమీటర్‌కు కాలం తెలియదు. తీరిగ్గా రోజంతా వేసిన మూడు వేల అడుగులూ, అరగంటలో వేసిన మూడు వేలూ దానికి ఒకటే. పెద్దవాళ్లలో నిమిషానికి సుమారు నూరు అడుగులు పడితే అది మధ్యస్థాయి వ్యాయామం కిందికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస మోతాదు వారానికి 150 నిమిషాలు. అంటే 15,000 జోరు అడుగులు, రోజుకు రెండు వేల పైచిలుకు. చేతి గడియారం చూసి పది నిమిషాలలో వెయ్యి పడుతున్నాయో లేదో చూసుకుంటే, పెడోమీటర్ చెప్పలేని ఆ సంగతీ తెలిసిపోతుంది.

నేల తీరు కూడా దానికి తెలియదు. మెరీనా దగ్గర, రోడ్డు పక్క చదును బాట మీద నడవడానికీ, అదే వేగంతో అలల దాకా మెత్తని ఇసుకలో నడవడానికీ పోలికే లేదు. గట్టి నేల మీద కంటే ఇసుకలో నడకకు రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుందని కొలిచి చూసినవారు చెప్పారు. పాదం దిగబడి వేగం తగ్గుతుంది, ఇసుక కుదుపును మింగేస్తుంది, మీట చాలాసార్లు పలకను తాకదు. పోయిన శనివారం మేమిద్దరం ఇసుకలో వెళ్లి వచ్చినప్పుడు పిక్కలు బిగుసుకుపోయాయి, అంకె మాత్రం మామూలు రోజులో సగం దాటలేదు. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో మా ఆవిడ అంకె వేసి, పక్కన ‘ఇసుక’ అని రాసింది.