విసారణై చూసి భయపడుతున్నోళ్ళకి: లాకప్, రిమాండ్ అపోహలు

విసారణై అనే తమిళ సినిమా చూసినవాళ్ళు లాయర్‌ని కదా అని నన్ను ఒకటే అడుగుతారు, జైల్లో నిజంగా అలాగే కొడతారా సార్ అని. అది జైలు కాదండీ బాబూ, పోలీస్ స్టేషన్. ఆ సినిమాకి మూలమైన నవల పేరే లాకప్, రాసిన చంద్రకుమార్ గారు కోయంబత్తూరు ఆటో డ్రైవర్, 1983లో గుంటూరులో తనకి జరిగిందే రాశారు. సినిమా రెండో సగం నవల్లో లేదు, అది వేరే సంగతి.

అసలు కొంపలు ముంచే అపోహ ఇది: "రిమాండ్ అయితే పిల్లోడి జీవితం పోయినట్టే, స్టేషన్లోనే ఎలాగోలా మాట్లాడి తెచ్చుకుందాం." ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో ఈ మాట వినని నెల లేదు. రిమాండ్ అంటే కేసు నడుస్తుండగా కోర్టు ఆర్డరుతో కస్టడీలో ఉంచడం, శిక్ష కాదు. అరెస్ట్ చూపించనంత సేపూ, అంటే కాగితం మీద రాయనంత సేపూ, మీవాడు ఏ కాగితంలోనూ ఉండడు, కొట్టేది అప్పుడే. చూపించాక ఇక రూల్స్ తప్పవు: అదుపులోకి తీసుకున్న 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ముందు డాక్టర్‌తో పరీక్ష చేయించాలి, దెబ్బలున్నాయా అని మేజిస్ట్రేట్ అడుగుతారు, పోలీసులకి మళ్ళీ కస్టడీ కావాలన్నా కోర్టు ఆర్డరే కావాలి. సినిమాలో కూడా చూడండి, పోలీసులు పట్టుకెళ్ళిన ఆ తమిళ కూలీ కుర్రాళ్ళు గుంటూరులో బయటపడింది జడ్జి ముందు తమిళంలో మొత్తుకుంటే ఒకాయన దాన్ని తెలుగులో చెప్పాకే కదా, కామెంట్లలో మాత్రం అందరూ దెబ్బల గురించే రాస్తారు.

"స్టేషన్లో ఒప్పుకుంటే కేసు అయిపోయినట్టే" అనేది ఇంకోటి. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కాకపోతే దాన్నిబట్టి వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుద్ది, దొంగసొత్తు దొరికిందని చూపించే రికవరీల గోలంతా అందుకే. "లాయర్‌కి డబ్బుల్లేవు" అంటారా, 15100కి ఫోన్ చేయండి, లీగల్ ఎయిడ్ ఉచితం.

నాలుగేళ్ళ కింద ఒకావిడ వచ్చింది, బైకు దొంగతనం అని కొడుకుని తీసుకెళ్ళి మూడో రోజు. "అయ్యా, రిమాండ్ మాత్రం వద్దయ్యా, పెళ్ళి కావాల్సిన పిల్లోడు" అని ఒకటే ఏడుపు, అప్పటికే ఎవడో మధ్యవర్తి మాట్లాడతానని ఇరవై వేలు పట్టుకుపోయాడు. ఆవిడ భయం నాకు అర్థమవుద్ది, ఊళ్ళో మాట పడాల్సింది ఆవిడే. మా సీనియర్ అయితే వెంటనే టెలిగ్రాం కొట్టించేవారు, ఫలానా టైం నుంచి స్టేషన్లో ఉన్నాడని రుజువుకి. 2013లో అవి ఆగిపోయాయి, నేను ఎస్పీ ఆఫీసుకీ మేజిస్ట్రేట్ కోర్టుకీ మెయిల్ పెట్టించా. మర్నాడు సాయంత్రం అరెస్ట్ చూపించారు, రాత్రి మేజిస్ట్రేట్ గారింట్లో ఆ అబ్బాయి చెప్పులు విప్పి అరికాళ్ళు చూపించాడు. అది రికార్డులోకెక్కింది. పదకొండో రోజు బెయిల్.

ఆవిడ మాత్రం రిమాండ్ చేయించానని నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుద్ది, కనపడ్డప్పుడల్లా ఆ ఇరవై వేలు ఎలాగైనా ఇప్పించమని.