మియాపూర్‌లో బుధుడు, ఎర్రగడ్డలో నెప్ట్యూన్

హైదరాబాద్ మెట్రోలో తిరిగే పిల్లల్ని మియాపూర్ నుంచి స్టేషన్లు చెప్పమనండి. జేఎన్‌టీయూ, కేపీహెచ్‌బీ, కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట, భరత్‌నగర్, ఎర్రగడ్డ అంటూ గడగడా చెప్పేస్తారు. ఎవరూ కూర్చోబెట్టి వల్లె వేయించలేదు. ఎనిమిది గ్రహాల వరస అడిగితే మాత్రం నట్లు పడతాయి. స్టేషన్లూ ఎనిమిదే కదా, ఒక్కోచోట ఒక్కో గ్రహాన్ని దింపేస్తే సరి.

బుధుడి ఏడాది 88 రోజులే, అందుకే మియాపూర్ మెట్ల మీద ఒకటే పరుగు. జేఎన్‌టీయూలో శుక్రుడు పొయ్యి లేకుండా ఆమ్లెట్ వేస్తుంటాడు. అక్కడి వేడి 460 డిగ్రీల సెల్సియస్ మరి. కేపీహెచ్‌బీలో భూమి: ఆ జనం, ఆ ట్రాఫిక్ చాలు, కొత్తగా ఊహించేదేమీ లేదు. కూకట్‌పల్లి నిండా కుజుడి ఎర్రదుమ్ము. బాలానగర్‌లో గురుడు రైలు తలుపులో ఇరుక్కున్నాడు. మూసాపేటలో శని తన వలయాలు విప్పి కొక్కేనికి తగిలించాడు. భరత్‌నగర్‌లో యురేనస్ పక్కకు ఒరిగి దొర్లుతోంది, నిజంగానే దాని అక్షం 98 డిగ్రీలు వాలి ఉంటుంది. నెప్ట్యూన్ గాలులకు ఎర్రగడ్డ రైతుబజార్లో కూరగాయలన్నీ ఎగిరిపోయాయి.

ఇవి నా బొమ్మలు. మీ పిల్లలవి వాళ్లనే కల్పించుకోనివ్వండి. ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా సరిదిద్దకండి, సొంతంగా అల్లుకున్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రాచీన గ్రీకు, రోమన్ వక్తలు ప్రసంగాంశాలను తెలిసిన భవనాల గదుల్లో ఇలాగే ఊహలో సర్దుకునేవారు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం దారులనూ, జరిగిన సంగతులనూ గుర్తుంచుకోవడంలో తోడ్పడుతుంది. ఎలుక ఫలానా చోటికి వెళ్లినప్పుడే చురుగ్గా స్పందించే కణాలను శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ అక్కడే 1971లో గుర్తించారు. 2014లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ పద్ధతిని ఆరు వారాలు సాధన చేసిన పెద్దవాళ్లు 72 పదాల్లో 60కి పైగా చెప్పగలిగారు. మొదట్లో వాళ్లకు సగం కూడా గుర్తులేవు.

బట్టీ పట్టినవాణ్ని ఆరో గ్రహమేదని అడిగితే మళ్లీ బుధుడి దగ్గర మొదలుపెడతాడు. దారి తెలిసినవాడు నేరుగా మూసాపేటలో దిగుతాడు. అయితే సూర్యుడికి దగ్గరున్న బుధుడికంటే శుక్రుడే ఎందుకంత వేడెక్కాడో ఆమ్లెట్ చెప్పదు. దట్టమైన కార్బన్ డయాక్సైడ్ వాతావరణం వేడిని పోనివ్వదన్న సంగతి విడిగా కూర్చుని వివరించాల్సిందే.

అదే వారం అవే స్టేషన్లలోకి తెలుగు నెలలనూ ఎక్కించకండి, బొమ్మలు కలగాపులగమవుతాయి. వాటికి నాగోలు–రాయదుర్గం లైను ఖాళీగానే ఉంది.