కవరు మందం వెనక ఉన్న మైక్రాన్

బెంగళూరు మారతహళ్ళిలో రోడ్డు పక్కన పూలమ్మే చిత్తూరు అక్క మూర మల్లెలు కొలిచి పల్చటి కవర్లో వేసింది. "ఇది ఎన్ని మైక్రాన్లక్కా?" అన్నాను. "నాకేం తెలుస్తుంది నాయనా, హోల్‌సేల్ అంగట్లో ఏదిస్తే అది తెస్తా" అంది. కంటికి ఆనని కొలత ఆమెకెలా తెలుస్తుంది? మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఆ కవరు పట్టుకుని పీణ్యా పారిశ్రామికవాడలో లేత్ మీద పనిచేసే అనంతపురం మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. ఒక్క పొరను, మందం కొలిచే మైక్రోమీటర్ అనే పనిముట్టు దవడల మధ్య పెట్టి మెల్లగా తిప్పాడు. స్క్రూ ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు. ఆ చుట్టులో 50 గీతలు, అంటే గీతకు 10 మైక్రాన్లు. టిక్ టిక్‌మని మూడో గీత దగ్గర ఆగింది.

ఇలాంటి చేతి పరికరానికి ఫ్రాన్స్‌లో పామర్ అనే ఆయన 1848లోనే పేటెంటు తీసుకున్నాడు. మైక్రాన్ అనే పేరుకు 1879లో అంతర్జాతీయ ఆమోదం దొరికింది. 1967లో తూనికలు, కొలతల మహాసభ ఆ పేరును రద్దు చేసి మైక్రోమీటరే ఖాయం చేసింది. కానీ పీణ్యాలో మైక్రోమీటర్ అంటే చేతిలో ఉండే పనిముట్టు. అందుకే కాబోలు, కొలతకు మైక్రాన్ అన్న మాటే నిలిచింది.

మన చట్టాల్లోనూ అదే మాట. క్యారీ బ్యాగు కనీస మందం 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఈ పెంపుకు కారణముంది. పల్చటి కవర్లు ఎన్ని ఏరినా కిలో తూగవు, కాబట్టి చెత్త ఏరుకునేవాళ్ళు వాటిని ముట్టరు. అవి ఎగిరి మోరీల్లో పడతాయి. మందం పెరిగితే ధర పెరుగుతుంది, అంగడివాళ్ళు ఊరికే ఇవ్వరు.

కర్ణాటక 2016 మార్చిలో మందంతో పని లేకుండా ప్లాస్టిక్ క్యారీ బ్యాగులన్నీ నిషేధించింది. నాకు అదే సరైన దారి అనిపిస్తుంది, గీతలు లెక్కపెట్టే పని ఉండదు. అయినా అక్క చేతికి ఆ మూడు గీతల కవరు వస్తూనే ఉంది. తనిఖీ మొదలుపెట్టాల్సింది ఆమె బుట్ట దగ్గర కాదు, ఆ హోల్‌సేల్ అంగడి గోడౌన్లో.