యుక్రేనియన్ వస్తే చెక్ వచ్చినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"మావాడు ఖార్కివ్‌లో మూడేళ్లు మెడిసిన్ చదివాడండీ. యుక్రేనియన్ బాగానే వచ్చు. చెక్ కూడా అదే కుటుంబమట కదా, ఆరు నెలల్లో వచ్చేస్తుందని, ఆ భాషలో మెడిసిన్ ఫీజు లేకుండా చదవొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా మేడమ్?"

నేను చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో విదేశీయులకి చెక్ భాష నేర్పుతాను. 2022లో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ ఫోన్ ఒకసారి గుంటూరు నుంచి వస్తే, ఇంకోసారి కరీంనగర్ నుంచి వస్తుంది. మధ్యలో ఆగిపోయిన చదువు గురించి ఆ తల్లిదండ్రులు పడే టెన్షన్ నాకు తెలుసు. నా కోపమంతా ఆ టెన్షన్‌ని సొమ్ము చేసుకునేవాళ్ల మీదే.

అపోహ: యుక్రేనియన్ వస్తే చెక్ దాదాపు వచ్చినట్టే.

వాస్తవం: ముందు ఆ "యుక్రేనియన్ వచ్చు" అన్న మాట చూద్దాం. మన పిల్లలు అక్కడ చదివింది చాలావరకు ఇంగ్లీష్ మీడియంలో. ఖార్కివ్ లాంటి ఊళ్లలో అప్పట్లో బజార్లో చెవిన పడింది ఎక్కువగా రష్యన్. కూరగాయల బేరం, టాక్సీ, వార్డులో పేషెంట్‌ని అడిగే నాలుగు ప్రశ్నలు... అంతవరకే వచ్చు. అది చెక్‌కి పునాది కాదు.

యుక్రేనియన్ మాతృభాష అయినవాళ్ల సంగతి వేరు. చెక్ దేశంలో 3 లక్షలకు పైగా యుక్రేనియన్లు తాత్కాలిక రక్షణలో (యుద్ధం వల్ల వచ్చినవాళ్లకి ఇచ్చే నివాస అనుమతితో) ఉన్నారు కాబట్టి నా క్లాసులో ఎక్కువమంది వాళ్లే. రెండూ స్లావ్ కుటుంబం భాషలే, పోలికలు ఉన్నమాట నిజం. రెండు భాషల్లోనూ ఏడు విభక్తులు, సంబోధనతో సహా. పని చేయడం, ఎదురుచూడటం, గంట, వారం, పంచదార లాంటి మాటలు రష్యన్‌లో వేరుగా ఉంటాయి కానీ ఈ రెండింటిలో దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే యుక్రేనియన్లు రెండు మూడు నెలలకే గోడ మీద నోటీసులు చదివేస్తారు. మనవాళ్లు అప్పటికింకా మొదటి విభక్తి పట్టికలతోనే కుస్తీ పడుతుంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. అర్థమైపోయినట్టు అనిపిస్తుంది కాబట్టి డిక్షనరీ తీయరు.

యుక్రెయిన్‌లోని పోల్తవా నుంచి వచ్చిన ఒకావిడ నా స్టూడెంట్. ఒక రాత్రి పిల్లాడికి జ్వరం బాగా పెరిగింది. ఫోన్ మ్యాప్‌లో 'లేకార్న' అన్న బోర్డు నడిచి వెళ్లేంత దూరంలోనే కనిపించేసరికి, పిల్లాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తింది. తీరా వెళ్తే ఆకుపచ్చ ప్లస్ గుర్తు వెలుగుతోంది, షట్టర్ మాత్రం దించేసి ఉంది. "రాత్రిపూట ఆస్పత్రికి తాళం వేసుకునే దేశం ఇదేనా?" అని మర్నాడు క్లాసులో ఒకటే కోపం. యుక్రేనియన్‌లో 'లికార్న్య' అంటే ఆస్పత్రి. చెక్‌లో 'లేకార్న' అంటే మందుల షాపు. ఇక్కడ ఆస్పత్రిని 'నెమొత్స్‌నిత్సె' అంటారు. ఇప్పుడు నా మొదటి క్లాసులో అక్షరాల కంటే ముందు ఈ రెండు మాటలూ, అంబులెన్స్ నంబర్ 155 చెప్పేస్తున్నాను. యుక్రెయిన్‌లో 103కి అలవాటు పడ్డవాళ్లు కంగారులో అదే నొక్కుతారు.

నెలల పేర్లూ ఇంతే. రెండు భాషల్లోనూ సొంత స్లావ్ పేర్లే, కొన్ని అచ్చంగా కలుస్తాయి కూడా. నవంబర్ రెండింట్లోనూ 'లిస్తొపాద్'. కానీ చెక్ 'క్వ్యెతెన్' మే నెల, యుక్రేనియన్ 'క్వితెన్' ఏప్రిల్. ఒక నెల ముందే వచ్చి ఆఫీసు కిటికీ దగ్గర వాదించేవాళ్లు ప్రతి వసంతంలోనూ ఉంటారు.

అన్నింటికంటే డబ్బు పోగొట్టేది ఉద్యోగ కాగితాలు. యుక్రేనియన్‌లో కాంట్రాక్ట్‌ని 'దొహొవిర్' అంటారు. చెక్ కాగితం మీద 'దొహొద' అని కనబడగానే అదే ఇదనుకుని సంతకం పెట్టేస్తారు. చెక్ పని చట్టంలో దొహొద అంటే పార్ట్‌టైమ్ లాంటి చిన్న ఒప్పందం, మామూలుగా 15 రోజుల నోటీసుతో తీసేయొచ్చు. పూర్తి ఉద్యోగానికి ఉండాల్సింది 'స్మ్లౌవ'. ఈ తేడా తెలిసేది ఉద్యోగం పోయాకే.

మాట్లాడటం దగ్గరికొస్తే ఇంకో కథ. యుక్రేనియన్‌లో ఒత్తు (అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) ఎక్కడైనా పడుతుంది, దీర్ఘం అనేది లేదు. చెక్‌లో ఒత్తు మొదటి అక్షరం మీదే, దీర్ఘం మాత్రం ఎక్కడైనా రావచ్చు. 'బిత్' అంటే ఫ్లాట్, 'బీత్' అంటే ఉండటం. పాపం యుక్రేనియన్లు ఒత్తు పడిన చోటల్లా సాగదీస్తారు. హ్రస్వ దీర్ఘాలు మనవాళ్లకి ఒకటో తరగతి నాటివి కాబట్టి డిక్టేషన్‌లో తెలుగువాళ్లే ముందుంటారు, ఆ పది నిమిషాలూ వాళ్ల మొహాలు చూడాలి!

ఇక మెడిసిన్ సంగతి. చెక్ భాషలో చదివితే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, ఏ దేశం వాళ్లకైనా. ఇంతవరకు కన్సల్టెన్సీ చెప్పింది నిజమే. ఎంట్రన్స్ పరీక్ష కూడా చెక్‌లోనే ఉంటుందని మాత్రం చెప్పరు. ఇంకా ముఖ్యమైనది దాచేస్తారు. మన నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనల ప్రకారం, విదేశీ డిగ్రీతో ఇండియాలో ప్రాక్టీస్ చేయాలంటే ఆ చదువు ఇంగ్లీష్ మీడియంలో సాగి ఉండాలి. చెక్ భాషలో ఎంత బాగా చదివినా ఇండియాకొచ్చి డాక్టర్ బోర్డు పెట్టుకోలేరు. ప్రాగ్‌లో చార్లెస్ యూనివర్సిటీలో, బ్ర్నోలో మసరిక్ యూనివర్సిటీలో ఇంగ్లీష్ కోర్సులున్నాయి, వాటికి ఫీజు గట్టిగానే ఉంటుంది. డబ్బు కట్టేముందు ఏ భాషలో చదువో యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏజెంట్ వాట్సాప్ మెసేజ్ చెల్లదు.

అపోహ: తేడా అంతా లిపిలోనే.

వాస్తవం: యుక్రేనియన్ రాసే సిరిలిక్ లిపిలో ఉన్నవి 33 అక్షరాలు. వారం కూర్చుంటే వస్తాయి. ఈ మొత్తంలో తేలికైన భాగం అదే.

అపోహ: యుక్రేనియన్ రష్యన్‌కి యాస.

వాస్తవం: కాదు. రష్యన్‌లాగే తూర్పు స్లావ్ శాఖే, కానీ వేరే భాష. దీని మీద వాదించే ఓపిక నాకు లేదు.

అపోహ: పరీక్ష పాసైతే ఊళ్లో మాటలు అర్థమవుతాయి.

వాస్తవం: చెక్ దేశంలో శాశ్వత నివాసానికి 2021 సెప్టెంబర్ నుంచి భాషలో ఏ2 స్థాయి (యూరప్ భాషా కొలతలో కింది నుంచి రెండో మెట్టు) కావాలి, పౌరసత్వానికి దాని పై మెట్టు బీ1. ఆ పరీక్షల్లో ఉండేది పుస్తకాల చెక్. పుస్తకంలో 'దొబ్రీ' అని నేర్చుకున్న మంచి, ప్రాగ్ ట్రామ్‌లో 'దొబ్రెయ్' అయి కూర్చుంటుంది. 'ఒక్నొ' అనే కిటికీ 'వొక్నొ' అవుతుంది. సర్టిఫికెట్ తెచ్చుకున్న మర్నాడే "టీచర్, నాకేమీ అర్థం కావట్లేదు" అని యుక్రేనియన్లూ ఫోన్ చేస్తారు, మనవాళ్లూ చేస్తారు. కంగారు పడొద్దు. పక్కింటి ముసలావిడతో రోజూ పావుగంట వాతావరణం గురించి మాట్లాడండి, దానికి ఫీజు కూడా అక్కర్లేదు.