బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత: అపోహలు - వాస్తవాలు

బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి ఏం తినాలో, ఎలా తినాలో చెప్పడం నా పని. థియేటర్‌లో పని ఒక్క పూటలో అయిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళు వచ్చి కూర్చునేది మా గదిలోనే. బరువు ఎందుకు తగ్గుతుంది, ఎందుకు ఆగుతుంది, ఎందుకు మళ్ళీ వస్తుంది అన్న విషయంలో మనవాళ్ళకున్న అపోహలు కొందరికి లేనిపోని దిగులు తెస్తున్నాయి, కొందరిని ఫాలోఅప్‌కే రాకుండా చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆపరేషన్‌లో కొవ్వు తీసేస్తారు.

వాస్తవం: తీయరు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 - 80 శాతం కత్తిరించేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. బైపాస్ అనే మరో రకం ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. కొవ్వు కరిగేది ఆ తర్వాత, నెలల మీద.

అపోహ: "మా తోటికోడలికి 36 కిలోలు తగ్గింది మేడమ్, నాకు 22 కిలోలే. నాకు సరిగ్గా చేయలేదు."

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. ఇద్దరి ఎత్తూ 160 సెంటీమీటర్లు అనుకుందాం. తోటికోడలు ఆపరేషన్ నాటికి 130 కిలోలు, ఈమె 95. ఆ ఎత్తుకి బిఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 25 అంటే 64 కిలోలు, దానికి పైన ఉన్నదంతా అదనం. తోటికోడలికి అదనంగా ఉన్న 66 కిలోల్లో 36 పోయాయి, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. ఈమెకు అదనం 31 కిలోలే, అందులో 22 పోయాయి, అంటే మూడింట రెండొంతులు దాటింది. ఎవరు బాగా తగ్గినట్టు?

మొదలుపెట్టిన బరువు ఒక్కటే కాదు. వయసు తక్కువ ఉన్నవాళ్ళు సాధారణంగా ఎక్కువ తగ్గుతారు. షుగర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, కాస్త తక్కువ తగ్గుతారు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్య మందులు, కొన్ని ఫిట్స్ మందులు బరువును పట్టి ఉంచుతాయి. అలాగని వాటిని సొంతంగా మానేయకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి.

అపోహ: పొట్ట చిన్నదయింది కాబట్టి ఎప్పటికీ మెత్తగా, పలచగా తినడమే మంచిది.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా పోరాడేది దీనితోనే. ఏడాదిన్నర కింద స్లీవ్ చేయించుకున్న ఒకావిడ, ఆరు కిలోలు పెరిగి వచ్చారు. "మూడు ముద్దలకంటే ఎక్కువ తినను మేడమ్, ఒట్టు" అన్నారు. అబద్ధం కాదు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా అన్నాను. టీలో ముంచుకుని రెండు బిస్కెట్లు. సాంబార్‌లో నానిన ఇడ్లీ. పదకొండింటికి మామిడి జ్యూస్. మధ్యాహ్నం పప్పుచారుతో మెత్తగా పిసికిన అన్నం. నాలుగింటికి మళ్ళీ టీ, కాస్త కారప్పూస. రాత్రి పెరుగన్నం. పడుకునే ముందు చక్కెర వేసిన పాలు. ఏదీ ఎక్కువ లేదు, కానీ ఏదీ పొట్టలో నిలిచేది కాదు. మెత్తటి పిండిపదార్థం, దానికి తోడు ద్రవం, రెండూ కలిస్తే ఆ గొట్టంలోంచి జారిపోతాయి. గంటన్నరకి మళ్ళీ ఆకలి.

ఆవిడ చికెన్ ముట్టడం లేదు. ఎందుకు మానేశారంటే, రెండో నెలలో ఒక ముక్క గొంతు కింద పట్టేసి వాంతయింది. ఆ భయం అలాగే ఉండిపోయింది. ఇలా భయపడి అన్నం, ఇడ్లీల దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎంతోమంది. మొదటి వారాల్లో ద్రవాలు, తర్వాత మెత్తటివి అని మేము చెప్పేది కుట్లు మానేవరకే. ఆ తర్వాత గోరంత ముక్క తుంచి, నోట్లోనే పిండయ్యేదాకా నమిలి మింగాలి. కంచంలో ముందు గుడ్డో, చేపో, పనీరో, గట్టిపప్పో అయిపోవాలి, అన్నం చివర. నీళ్ళు తిన్న అరగంట తర్వాతే. ప్రోటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. పప్పుచారులో పప్పు కంటే చారే ఎక్కువ, దాన్ని ప్రోటీన్ లెక్కలో వేయకండి. ప్రోటీన్ తగ్గి, నడకా వ్యాయామమూ లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అప్పుడు ఒంట్లో రోజూ ఖర్చయ్యే శక్తి ఇంకా పడిపోతుంది.

అపోహ: బరువు ఆగిందంటే ఆపరేషన్ ఫెయిల్. మళ్ళీ పెరిగిందంటే నోరు కట్టుకోలేకపోయినట్టే.

వాస్తవం: రెండూ తప్పే. మూడో వారం దగ్గర బరువు తూచే మెషిన్‌లో ముల్లు కదలకపోవడం మామూలు. ఎక్కువ భాగం తగ్గేది మొదటి ఏడాది, ఏడాదిన్నరలో. ఆ తర్వాత శరీరం తక్కువ శక్తితో నెట్టుకురావడం నేర్చుకుంటుంది, ఆకలీ కొంత తిరిగొస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన ఒక పెద్ద అధ్యయనం 2007లో ప్రచురించిన ఫలితాల్లో, బైపాస్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకి అది 25 శాతం దగ్గర నిలిచింది. అంటే కొంత తిరిగి రావడం అక్కడా ఉంది. అయినా నాలుగో వంతు బరువు పదేళ్ళ పాటు దూరంగానే ఉంది.

లెక్కకు మించి పెరుగుతుంటే కారణం వెతకాలి. తిండి, మందులు, మద్యం, నిద్ర, మనసులో దిగులు, ఒక్కోసారి సాగిన పొట్ట. ఎండోస్కోపీ చేస్తే అది తెలుస్తుంది. ఇప్పుడు దీనికి మందులున్నాయి, అవసరమైతే రెండో ఆపరేషనూ ఉంది. తిడతామేమో అని రాకుండా ఉండిపోకండి. పెరిగినప్పుడే మీరు రావాల్సింది.

అపోహ: బలం మాత్రలు వేసుకుంటే ఒళ్ళొస్తుంది.

వాస్తవం: రాదు. విటమిన్‌లో కేలరీలు ఉండవు. మానేస్తే మాత్రం బి12 తగ్గి కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, ఐరన్ తగ్గి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే థయమిన్ (బి1 విటమిన్) పడిపోయి నరాలకే ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి రావాలి. మూడో నెల తర్వాత జుట్టు రాలితే కంగారుపడకండి, సాధారణంగా మళ్ళీ వస్తుంది.

ఫాలోఅప్‌కి వచ్చేటప్పుడు ఇంట్లో వేసుకునే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకురండి, మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలతో సహా. బైపాస్ అయినవాళ్ళకి వాటిలో చాలా రకాలు పుండ్లు తెస్తాయి, వాటిని మేము ముందే చూసి తీసేయాలి.