గ్రీన్‌కార్డు వరుసలో పుట్టిన ఊరి లెక్క

అమెరికాలోని ఎన్నో తెలుగు ఇళ్లలో నెలకోసారి తెరిచి చూసే పట్టిక ఒకటుంది: అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే వీసా బులెటిన్. ఏ తేదీ దాకా దరఖాస్తు పెట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వంతు వచ్చిందో అది చెబుతుంది. అందులో ‘ఇండియా’ గడిలోని తేదీ కొన్ని వారాలు ముందుకు జరిగితే పండగ. ఒక్కోసారి వెనక్కీ పోతుంది. ఆ తేదీ వెనక పెద్ద కథే ఉంది.

1940లో, యుద్ధ భయం కమ్ముకున్న వేళ, విదేశీయులంతా పేర్లు నమోదు చేయించుకోవాలని అమెరికా చట్టం చేసింది. పోస్టాఫీసుల్లో వేలిముద్రలు తీసుకున్నారు. యుద్ధం ముగిశాక శాశ్వత నివాసులకు ఇచ్చిన కార్డు ఆకుపచ్చగా ఉండేది. 1964లో రంగు మారినా పేరు నిలిచిపోయింది.

అయితే 1917 చట్టం మనవాళ్లకు అప్పటికే తలుపులు మూసేసింది. 1946లో తెరిచినా ఏడాదికి 100 మందికే. జాతిని బట్టి కోటాలిచ్చే పద్ధతిని 1965 చట్టం రద్దు చేశాకే మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు. దేశానికింత అన్న ఒకే గరిష్ఠ పరిమితి ఆ రోజుల్లో న్యాయంగానే తోచింది.

చిక్కు 1990 చట్టంతో బిగిసింది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. సాధారణంగా ఏ దేశానికైనా 7 శాతానికి మించకూడదు. భార్యాపిల్లలూ ఈ లెక్కలోకే వస్తారు. ఐస్‌లాండ్‌కూ అదే పరిమితి, భారత్‌కూ అదే. అదే చట్టం తెచ్చిన హెచ్‌1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసాపై అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసినవాళ్లు వేలల్లో విమానమెక్కారు. ఆ వీసా గడువు ఆరేళ్లే. వరుసలో ఉన్నవాళ్లకు పొడిగింపు ఇవ్వాలని 2000లో మరో చట్టం వచ్చింది. కొలువు నిలిచింది కానీ నిరీక్షణకు అంతు లేకుండా పోయింది.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. వరుసను తేల్చేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. కడప దంపతులకు కువైట్‌లో పుట్టిన తమ్ముడు కువైట్ వరుసలో త్వరగా గట్టెక్కవచ్చు. కడపలోనే పుట్టిన అన్న, అదే చదువు, అదే ఉద్యోగం ఉన్నా, ఇండియా వరుసలో ఏళ్ల తరబడి నిలబడాలి.

ఈ పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో, దాని మరో రూపం 2020 డిసెంబరులో సెనేట్‌లో నెగ్గాయి. రెండింటికీ పొత్తు కుదరక చట్టం కాలేదు.

కార్డు చేతికొచ్చినా ఓటుహక్కు రాదు. పౌరసత్వానికి సాధారణంగా మరో ఐదేళ్లు ఆగాలి. కార్డు రాకముందే పిల్లలకు 21 ఏళ్లు నిండితే, వయసు లెక్కలో కొంత మినహాయింపు పోను, తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి వాళ్ల పేరు తొలగిపోతుంది. మూడేళ్లప్పుడు అమ్మ చంకనెక్కి అక్కడ దిగిన పిల్ల, తను పెరిగిన ఊళ్లోనే ఉండటానికి విద్యార్థి వీసా కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది.