మామ్మగారి కింది బెర్తు

బెంగళూరు, జయనగర్

చిన్నీ, బుజ్జీ,

మొన్న దసరాకి కాచిగూడ రైల్లో మనం ఎనిమిది మందిమి. బెర్తులూ ఎనిమిది దొరికాయి, కానీ తలో చోట. "సీట్లు ఉన్నాయిగా తాతయ్యా, మరి కలిసి ఎందుకు కూర్చోలేం?" అని బుజ్జి అడిగింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ తల పట్టుకున్న ప్రశ్న అదే.

లైనక్స్ కెర్నెల్, అంటే కంప్యూటర్ని నడిపించే మూల ప్రోగ్రాము, మెమరీని పేజీలనే ముక్కలుగా పంచుతుంది. మనింట్లో కంప్యూటర్లో పేజీ అంటే 4 కిలోబైట్లు. ఒక్కో పేజీ అడిగితే చిక్కు లేదు. 2 మెగాబైట్ల పెద్ద పేజీ కావాలంటే మాత్రం 512 పేజీలు వరసగా ఖాళీ ఉండాలి. చోటు బోలెడుంటుంది, వరస ఉండదు. ఇదే ఫ్రాగ్మెంటేషన్.

చోటు పంచే పద్ధతి పేరు బడ్డీ. పెద్ద ముక్కను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి కోసి ఇస్తుంది. రెండు సగాలూ ఖాళీ అయితే తిరిగి అతికిస్తుంది. పక్కనున్న ముక్క ఏదైనా సరిపోదు, తోడబుట్టిన సగమే కావాలి. అందులో ఒక్క పేజీ ఎవరి చేతిలో ఉన్నా అతుకు పడదు.

రైల్లో మీ నాన్న "సార్, కాస్త అటు మారతారా" అని బతిమాలాడు కదా, 2010లో లైనక్స్‌లో చేరిన కంపాక్షన్ చేసేదీ అంతే. ఒక కొసనుంచి కదిలించదగ్గ పేజీలనూ, రెండో కొసనుంచి ఖాళీలనూ వెతుక్కుంటూ వస్తుంది. పేజీలోని సరుకు ఖాళీలోకి కాపీ చేసి, టీటీఈ చార్టు దిద్దినట్టు ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజీ టేబుల్లో కొత్త చోటు రాస్తుంది. ప్రోగ్రాము వాడే చిరునామా మారదు కనుక దానికి తెలియనే తెలియదు.

కానీ కింది బెర్తులో మోకాళ్ల నొప్పుల మామ్మగారిని ఎవరు లేపగలరు? కెర్నెల్ తన సొంతానికి వాడుకునే పేజీలు చాలావరకు అలాంటివే. వాటి చిరునామా ఎక్కడెక్కడ రాసిపెట్టి ఉందో అన్నీ వెతికి దిద్దడం కుదరదు. అలాంటి పేజీ ఒక్కటుంటే చాలు, మిగతా 511 ఖాళీగా ఉన్నా పెద్ద పేజీ రాదు.

అందుకే లైనక్స్ కెర్నెల్ రాసేవాళ్లలో ఒకడైన మెల్ గోర్మన్ చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. కదలనివి, కదిలేవి, అవసరమైతే ఖాళీ చేయించగలిగేవి అని ముందే విడదీసి, వేటి పేటలో వాటిని కూర్చోబెట్టాడు. 2008 జనవరిలో విడుదలైన కెర్నెల్ 2.6.24 వెర్షన్లో అది చేరింది. ఒక పేట నిండిపోతే పక్క పేటనుంచి తీసుకోక తప్పదు. అప్పుడు చిన్న ముక్క కాదు, దొరికినవాటిలో పెద్దదే తీసుకుంటుంది. ఎందుకో మీరే ఆలోచించండి.

పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంది. ప్రోక్‌లోని బడ్డీఇన్ఫో అనే ఫైలు (/proc/buddyinfo) తెరవండి. ప్రతి వరసలో పేర్ల తర్వాత వచ్చే మొదటి అంకె 4 కిలోబైట్ల ఖాళీలు ఎన్నో చెబుతుంది, కుడికి జరిగేకొద్దీ ముక్క రెట్టింపవుతుంది. పొద్దున్న ఆన్ చేయగానే ఒకసారి, రోజంతా వాడాక రాత్రి ఒకసారి కుడివైపు అంకెలు నోట్సులో రాసి నాకు పంపండి.

మీ తాతయ్య